ఇంగ్లీషు ఉచ్చారణ - మన పిల్లలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం తరఫున ఆదివారం పూట పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నాము. ఆ అనుభవం నాలుగు మాటల్లో చెప్పమని కార్యదర్శి గారి ఆజ్ఞ.

మన కుర్రవాడొకడు డిగ్రీ మొదటి తరగతిలో పాసై ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళాడు. ఎక్కడ చదివావని అడిగితే జవాబులో "ఇస్కూలు" అన్నాడట. బల్ల అవతల ఒకాయన నవ్వాడు. అంతే. తరువాత అడిగినవన్నీ తెలిసి కూడా నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ "ఇస్కూలు"ను మేము విప్పి చూశాము. ముందున్న 'ఇ' మన ఇంట్లో మాట్లాడే ఉర్దూ అలవాటు. చివరి 'ఉ' తెలుగు అలవాటు. బస్సు, పెన్ను, బుక్కు అన్నట్టే. పాపం, పిల్లవాడు రెండు భాషలకూ న్యాయం చేశాడు, ఇంగ్లీషుకు తప్ప! మందు తేలికే. పాము బుస కొట్టినట్టు 'స్' సాగదీసి, ఊపిరి తెగకుండా 'కూల్' అనాలి. చివర నాలుకను పైనే ఆపాలి.

ఇంగ్లీషులో అక్షరాలు 26. బ్రిటిష్ వారి ప్రామాణిక ఉచ్చారణలో శబ్దాలు మాత్రం 44 అని లెక్క: అచ్చులు 20, హల్లులు 24. అచ్చులకున్న అక్షరాలేమో అయిదే! కాబట్టి స్పెల్లింగును నమ్ముకుంటే మోసపోతాము. చెవిని నమ్మాలి.

అయితే మన పిల్లలు వట్టి చేతులతో రావడం లేదు. జమీన్, జిందగీ అని అమ్మ పలికే మొదటి శబ్దమే ఇంగ్లీషు 'జూ'లో, 'జీరో'లో ఉన్నది. తెలుగులో దానికి ప్రత్యేకించి అక్షరం లేదు గనుక ఇక్కడ రాసి చూపలేము; మీకు తెలుసు.

ఇంకొకటి. 'థింక్' అనేటప్పుడు మొదటి శబ్దం తెలుగు త కాదు, థ కాదు. మన ఉర్దూలో 'సే' అని సకారంగా పలికే అక్షరాన్ని తజ్వీద్ నేర్పే హాఫిజ్ సాబ్ అలా పలకనివ్వరు. నాలుక కొన పై పళ్ళ అంచుకు తాకించి గాలి వదలమంటారు. 'థింక్' శబ్దం సరిగ్గా అదే! 'దిస్'లోది 'జాల్' అక్షరానికి అరబ్బీలో ఉన్న శబ్దం. ఈ సంగతి చెప్పగానే తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె మా అందరికంటే ముందు పలికేసింది. పెద్దవాళ్ళం మేమే వెనకబడ్డాము.

బనియను అనే 'వెస్ట్'కూ, పడమర అనే 'వెస్ట్'కూ తెలుగు రాతలో తేడా లేదు. మొదటి దానికి 'ఫే' పలికినట్టు పై పళ్ళు కింది పెదవి మీద ఆనించి, గొంతు మోగించాలి. రెండవ దానికి అరబ్బీ 'వావ్'లా పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్ళు తగలకూడదు.

అచ్చులకు తెలుగు బడి ఆదుకుంటుంది. 'షిప్', 'షీప్' తేడాకు ఇ, ఈ ఉన్నాయి. 'పెన్'కు, నొప్పి అనే 'పేన్'కు ఎ, ఏ చాలావరకు సరిపోతాయి. 'బ్యాంకు' అని రాస్తాము గాని, అసలు మాటలో యకారం లేదు.

దొరల్లా మాట్లాడాలని మా కోరిక కాదు. హైదరాబాద్‌లో 1958లో ఇంగ్లీషు బోధన కోసం ఒక కేంద్ర సంస్థ పెట్టారు. అక్కడి ఆచార్యులు ఆర్.కె. బన్సల్ 1969లో వెలువరించిన గ్రంథం కూడా భారతీయుల ఇంగ్లీషు ఎదుటివారికి ఎంతవరకు అర్థమవుతుందన్న విషయం మీదే. మాకూ అంతే కావాలి.

ఆ కుర్రవాడు ఇప్పుడు మా తరగతికి వస్తున్నాడు. మొదటి రెండు వారాలు చివరి వరుసలో కూర్చున్నాడు. మొన్న చిన్నపిల్లలకు 'స్టేషన్' తానే పలికించాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఇంట్లో తప్పు పలికితే చుట్టాల ముందు నవ్వకండి. తరగతికి పంపేటప్పుడు చేతికి ఒక చిన్న అద్దం ఇవ్వండి. పళ్ళు, పెదవులు కనబడితే చాలు.