ఆఫీసు ఫోను ఎవరి మాట వింటుంది?

(మహిళా సంస్థల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

నిన్నటి నుంచి ఈ శిబిరంలో చట్టాల గురించి, కౌన్సెలింగ్ గురించి, కోర్టుల అనుభవాల గురించి విన్నాం. నేను ఆఫీసు ఫోను గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త ఆశ్చర్యపోయారు. "అది ఫోను బిగించడానికి వచ్చిన అబ్బాయి చూసుకునే పని కదా!" అన్నారు. అలా అనుకుని వదిలేయడం వల్లనే ఈ విషయం మాట్లాడవలసి వస్తోంది.

ముందుగా నేను చేసిన ఒక తప్పు చెబుతాను. కొన్నేళ్ల కిందట పరిశోధన కోసం ఒక సంస్థతో కలిసి పనిచేశాను. వారానికి రెండు రోజులు ఫోను దగ్గర కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం ఒకామె ఫోను చేసింది. "అక్కా, ఎక్కువసేపు మాట్లాడలేను" అంది. ఇంకో మాట చెప్పేలోగా లైను కట్టయింది. ఫోను తెరమీద ఆమె నంబరు ఉంది. ఆదుర్దాతో ఆ నంబరుకు నేనే తిరిగి చేశాను. మగ గొంతు పలికింది. మాట్లాడకుండా పెట్టేశాను. జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను.

అతను తన ఫోనులో కనబడిన మా నంబరుకు వెంటనే చేశాడు. ఆ కాల్‌ను ఎత్తింది మనిషి కాదు, యంత్రం. అందులో రికార్డు చేసి పెట్టిన పలకరింపు సంస్థ పేరు చెప్పి, "కుటుంబ హింసపై ఫిర్యాదుకు ఒకటి నొక్కండి" అంది. అతనికి కావలసిన సమాచారమంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. మూడు వారాల తర్వాత ఆమె వాళ్లక్క ఇంటి నుంచి ఫోను చేసి ఆ రాత్రి తనకేం జరిగిందో చెప్పింది. ఆ వివరాలు ఆమెవి, వాటిని ఇక్కడ చెప్పను. ఆమె మమ్మల్ని తిట్టలేదు. "మీరు చెయ్యకుండా ఉండాల్సింది అక్కా" అంది, అంతే.

తప్పు నాది. కానీ నా ఒక్కదానిదే కాదు. ఆ పలకరింపును యంత్రం అమ్మినవాళ్లు మా బోర్డు మీది మాటలు చూసి రికార్డు చేసి వెళ్లారు. బయటికి చేసే ప్రతి కాల్‌కీ అదే నంబరు కనబడేలా పెట్టిందీ వాళ్లే. మాలో ఎవరం అడగలేదు. పదేళ్లుగా హింస గురించి మాట్లాడుతున్న మేము, ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నను మా బల్లమీది ఫోనుకు వర్తింపజేసి చూడలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం మన దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు 54 శాతం మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కొంచెం తక్కువే. అంటే మనకు ఫోను చేసే స్త్రీ చేతిలో ఉన్నది భర్తదో, కొడుకుదో, పక్కింటావిడదో కావచ్చు. మన ఆఫీసు వ్యవస్థను ఈ ఒక్క వాస్తవం నుంచి మొదలుపెట్టి అమర్చుకోవాలి.

ఫోను చరిత్ర కూడా మనకు కొత్త కాదు. 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే యువతి తొలి మహిళా టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరింది. అంతకుముందు ఆ పనిచేసిన కుర్రాళ్లు చందాదారులతో దురుసుగా మాట్లాడేవారట. స్త్రీల గొంతు మృదువుగా ఉంటుందని, జీతం తక్కువ ఇచ్చినా సరిపోతుందని కంపెనీలు ఆ పనిని ఆడపని చేశాయి. ఆపరేటర్ లేకుండా నడిచే ఎక్స్‌ఛేంజికి 1891లో పేటెంటు పొందిన స్ట్రౌజర్ శవసంస్కారాల వ్యాపారి. పోటీ వ్యాపారి భార్య ఆపరేటర్‌గా ఉండి తనకు రావలసిన కాల్స్ అటు మళ్లిస్తోందన్న అనుమానంతో దాన్ని కనిపెట్టాడని చెప్పుకుంటారు. కథ ఎంత నిజమైనా, అందులో ఒక సంగతి ఉంది. కాల్‌ను ఎటు మళ్లించాలో నిర్ణయించే చోట అధికారం ఉంటుంది. ఒకప్పుడు అక్కడ ఒక స్త్రీ కూర్చునేది. ఇప్పుడు అక్కడ గోడకు బిగించిన ఈపీఏబీఎక్స్ పెట్టె ఉంది. నిర్ణయాలు మాత్రం పోలేదు, అవి పెట్టెలోకి వెళ్లాయి.

ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా చూద్దాం. 181 వంటి ప్రభుత్వ హెల్ప్‌లైన్లకు పెద్ద ఏర్పాట్లుంటాయి. నేను మాట్లాడేది మనలాంటి వాళ్ల గురించి: రెండు లైన్లు, నాలుగో ఆరో ఎక్స్‌టెన్షన్లు.

మొదటిది, బయటినుంచి వచ్చిన కాల్ ఎక్కడ మోగాలి, ఎంతసేపు మోగాలి అన్నది. కొన్ని ఎక్స్‌టెన్షన్లను ఒక గుంపుగా పెట్టవచ్చు. ఆ గుంపులో వరుస పద్ధతి పెడితే ప్రతి కాల్ మొదటి ఫోనులోనే మోగుతుంది. అక్కడ ఎత్తకపోతేనే రెండోదానికి పోతుంది. ఆ మొదటి ఫోను సాధారణంగా అందరికంటే తక్కువ జీతం తీసుకునే అమ్మాయి బల్లమీద ఉంటుంది. రోజంతా ఏడుపులు, బెదిరింపులు ఆమే వింటుంది. వంతుల పద్ధతి పెడితే కాల్స్ అందరికీ పంచబడతాయి. ఇది ఒక్క మీట తేడా. కానీ అది శ్రమ విభజన ప్రశ్న. ఇక మన దేశంలో ఫోను సుమారు మూడు సెకన్లకొకసారి జంటగా మోగుతుంది. ఒక ఫోనులో 20 సెకన్లు మోగాక రెండోదానికి, అక్కడ 20 సెకన్ల తర్వాత మూడోదానికి పోయేలా పెడితే, అవతల స్త్రీ ఒక నిమిషంపాటు ఎవరి అడుగుల చప్పుడో వింటూ నిలబడాలి. హింసకు సంబంధించిన లైను అన్ని ఫోనుల్లోనూ ఒకేసారి మోగాలి. ఏ బల్ల దగ్గరున్నా, పక్క ఫోనులో మోగుతున్న కాల్‌ను తమ ఫోనులో ఎత్తుకునే కోడ్ ప్రతి కార్యకర్తకూ కంఠతా రావాలి.

రెండోది, "దీనికి ఒకటి నొక్కండి, దానికి రెండు నొక్కండి" అనే పలకరింపు. దాతలకు, అకౌంట్లకు, పుస్తకాల ఆర్డర్లకు అది ఉండనివ్వండి, వేరే నంబరు మీద. సహాయం కోరే స్త్రీకి మనిషి గొంతే వినబడాలి. ఆ గొంతు కూడా ముందు "హలో, చెప్పండి" అని మాత్రమే అనాలి. అవతల ఉన్నది ఎవరో తెలిశాకే సంస్థ పేరు చెప్పాలి.

మూడోది హోల్డ్. ఎస్టీడీ బూతుల కాలంలో హోల్డ్ అంటే మీటరు తిరగడం. ఇప్పుడు చాలామందికి డబ్బు భయం తగ్గింది. కానీ అరువు ఫోనులో కాలానికి విలువ తగ్గలేదు. పైగా సంగీతం వినబడితే లైను ఉందో, తనను మరచిపోయారో ఆమెకు తెలియదు. హోల్డులో పెట్టేముందు "తిరిగి ఈ నంబరుకు చెయ్యవచ్చా? ఎవరైనా ఎత్తితే ఏమని చెప్పాలి?" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలనూ ఫోను పక్కన గోడకు అంటించండి.

నాలుగోది కాల్ ఫార్వర్డింగ్. ఇది మూడు రకాలు: ప్రతి కాల్‌నూ మళ్లించడం, లైను ఖాళీ లేనప్పుడు మళ్లించడం, ఎవరూ ఎత్తనప్పుడు మళ్లించడం. రాత్రివేళ ఎవరి మొబైల్‌కు మళ్లిస్తున్నాం? చాలా సంస్థల్లో అది ఒక్క కార్యకర్త నంబరు. ఆమె స్నానానికి వెళ్తే ఫోను భర్తో పిల్లాడో ఎత్తుతారు. ఆమె నిద్ర సంస్థ ఆస్తి అవుతుంది. దానికి వేతనం ఉండదు. రాత్రి బాధ్యతకు వంతులుండాలి, భత్యం ఉండాలి, వ్యక్తిగత ఫోను కాకుండా చేతులు మారే సంస్థ ఫోను ఉండాలి.

ఇందులో ఒక సాంకేతిక చిక్కు కూడా ఉంది. మామూలు తీగ లైన్ల మీద పెట్టె ద్వారా మళ్లిస్తే, ఒక లైను మీద వచ్చిన కాల్ రెండో లైను మీద బయటికి పోతుంది. రెండు లైన్ల ఆఫీసులో ఒక్క రాత్రి కాల్‌తో రెండు లైన్లూ నిండిపోతాయి. తర్వాత చేసిన స్త్రీకి ఖాళీ లేదన్న శబ్దమే. అంతేకాదు, మొబైల్ తెరమీద ఆమె నంబరుకు బదులు మన ఆఫీసు నంబరే కనబడవచ్చు. మాట మధ్యలో కట్టయితే ఆమె ఎవరో తెలియదు. టెలిఫోన్ కంపెనీ దగ్గరే మళ్లింపు పెట్టించుకుంటే సాధారణంగా ఈ చిక్కులుండవు. ఇది అడిగితేనే చేస్తారు. మళ్లింపు దుర్వినియోగం సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇంట్లో ఎవరైనా ఒక్క నిమిషం ఆమె ఫోను తీసుకుంటే చాలు, ఆమెకు వచ్చే కాల్స్ తమ ఫోనుకు తిప్పుకోగలరు. మోసగాళ్లు ఇలాగే చేస్తున్నారని 2024 ఏప్రిల్ 15 నుంచి కోడ్ నొక్కి కాల్స్ మళ్లించే పద్ధతిని టెలికాం శాఖ నిలిపివేయించింది. వేరే మార్గాలు ఉన్నాయి కనుక, మన దగ్గరకు వచ్చిన స్త్రీ ఫోనులో ఈ సెట్టింగు ఆమె అనుమతితో చూడటం మన పనిలో భాగం కావాలి.

అయిదోది, నా తప్పుకు మూలమైనది: బయటికి చేసేటప్పుడు ఏ నంబరు కనబడాలి? 1980ల చివర్లో అమెరికాలో పిలిచినవారి నంబరు చూపించే సౌకర్యం వచ్చినప్పుడు, హింస నుంచి పారిపోయిన స్త్రీలకు ఆశ్రయమిచ్చే సంస్థలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. తల్లిదండ్రులకో పిల్లలకో చేసిన ఒక్క కాల్ ఆశ్రయం ఆచూకీ చెప్పేస్తుందన్నాయి. ఆ వాదం వల్ల కూడా నంబరు దాచుకునే వీలు అక్కడి నియమాల్లోకి వచ్చింది. మన దేశంలో సామాన్య చందాదారులకు ఆ వీలు ఇవ్వరు. కాబట్టి తిరిగి చేయడానికి మనం వేరే లైను పెట్టుకోవాలి. దానికి రికార్డు పలకరింపు ఉండకూడదు. కరపత్రాల మీద ఆ నంబరు వేయకూడదు. కార్యకర్తలు తమ ఫోనుల్లో ఆ నంబరును సంస్థ పేరుతో దాచుకోకూడదు. ట్రూకాలర్ వంటివి అలా దాచిన పేర్లనే లోకానికి చూపిస్తాయి. కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఆ పేరు అవతలి తెరమీద కనబడాలని ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. అది అమలయ్యే చోట మన సంస్థ పేరే ఆమె భర్త తెరమీద వెలుగుతుంది. ఆ లైను ఎవరి పేరున తీసుకోవాలో ఇప్పుడే ఆలోచించాలి.

ఆరోది, పెట్టె జ్ఞాపకం. ఏ నంబరు నుంచి ఎప్పుడు కాల్ వచ్చింది, ఎంతసేపు నడిచింది, ఎవరు ఎత్తారు, అన్నీ అది రాసుకుంటుంది. కొన్ని సంభాషణలనూ రికార్డు చేస్తాయి. పై అధికారి మధ్యలో చొరబడి వినే సౌకర్యం కూడా చాలా పెట్టెల్లో ఉంటుంది. వీటికి తాళం పాస్‌వర్డు. అనేక ఆఫీసుల్లో అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1234 గానే ఉంటుంది, లేదా అమ్మినవాళ్లకు మాత్రమే తెలిసి ఉంటుంది. కుటుంబ హింస బాధితుల జాబితా బీరువాలో పెట్టి తాళం వేస్తాం. అదే జాబితా ఈ పెట్టెలో తెరిచి ఉంది.

ఫోను సంభాషణ వ్యక్తిగత గోప్యతలో భాగమని, దాన్ని దొంగచాటుగా వినడం రాజ్యాంగం 21వ అధికరణానికి సంబంధించిన విషయమని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన మాటలను భర్త రహస్యంగా రికార్డు చేసిన కేసులో, అది ఆమె గోప్యతకు భంగమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో తీర్పు చెప్పింది. అయితే 2025 జూలైలో సుప్రీంకోర్టు, వైవాహిక వివాదాల్లో భార్యాభర్తలు ఒకరినొకరు రహస్యంగా రికార్డు చేసిన సంభాషణలను సాక్ష్యంగా స్వీకరించడానికి గోప్యత అడ్డు కాదంది. ఆ రికార్డు హింసను నిరూపించుకోవడానికి స్త్రీకి ఉపయోగపడవచ్చు, ఆమెకు వ్యతిరేకంగానూ వాడబడవచ్చు. మన పెట్టెలో ఉన్నదాన్ని రేపు ఎవరు అడుగుతారో చెప్పలేం. కనుక ఆమెకు చెప్పకుండా రికార్డు చేయవద్దు. అవసరం లేనిదాన్ని దాచవద్దు. చొరబడి వినే సౌకర్యాన్ని ఆపివేయండి. కార్యకర్త పని మీద పర్యవేక్షణ కావాలంటే ఆమెతో కూర్చుని మాట్లాడే పద్ధతులున్నాయి.

చివరిది చిన్నది, కానీ మరువరానిది. కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది. చాలా పెట్టెల్లో అలాంటప్పుడు ఒక లైను నేరుగా ఒక ఫోనుకు కలిసే ఏర్పాటు ఉంటుంది. ఆ ఫోను ఎక్కడుందో కనుక్కోండి. నేను చూసిన ఒక ఆఫీసులో అది తాళం వేసిన స్టోరు గదిలో ఉంది! దాన్ని కౌన్సెలర్ గదిలోకి మార్పించండి. అడాప్టరు అక్కర్లేని మామూలు ఫోను పెట్టండి.

స్నేహితులారా, సాంకేతిక పరిజ్ఞానం మగవాళ్ల విషయమని మనకు నేర్పారు. మనమూ కొంత ఇష్టంగానే నేర్చుకున్నాం, బాధ్యత తప్పుతుంది కదా అని. ఫోను బిగించే అబ్బాయి చెడ్డవాడేం కాదు. అతనికి తెలిసిన ఆఫీసు సిమెంటు కంపెనీది. మన ఆఫీసు గురించి అతనికి చెప్పవలసింది మనమే.

మీరు ఊళ్లకు తిరిగి వెళ్లాక రెండు పనులు చేయండి. ఒకటి, ఈ రాత్రి పది గంటలకు మీ ఆఫీసుకు మీరే ఒక మామూలు మొబైల్ నుంచి ఫోను చేయండి. ఎన్నిసార్లు మోగింది, ఎవరు పలికారు, ఏం వినబడిందో రాసుకోండి. రెండు, ఎత్తే అమ్మాయి నుంచి సంస్థ కార్యదర్శి వరకు అందరూ కూర్చుని, కాల్ ఎక్కడ మోగాలో, ఎటు మళ్లాలో, ఏ నంబరు కనబడాలో, ఏది ఎన్నాళ్లు ఉండాలో ఒక కాగితం మీద తెలుగులో రాయండి. కింద సంతకాలు చేయండి. ఆ తర్వాతే మెకానిక్‌ను పిలవండి.

నేను ఆ సాయంత్రం నొక్కిన నంబరును వెనక్కి తీసుకోలేను. మరొకరు దాన్ని నొక్కకుండా చూడగలం.