నాగలి తగలని నేల



మా చరిత్ర మాస్టారు మా చేత మొదట రాయించిన చరిత్ర మా మా ఊళ్ల చరిత్ర. చెరువు ఎవరు తవ్వించారు, సంత ఎప్పుడు మొదలైంది, శ్మశానం ఏ దిక్కున ఉంది అని ఆయన అడిగేవారు. ఆయన చూపిన దారిలోనే ఈ ఏడాది ఉపన్యాసానికి అమెరికాలోని అయోవా రాష్ట్రపు పల్లె శ్మశానాలను ఎంచుకున్నాను. వలస రైతులు తమ వాళ్లను పూడ్చుకున్న చోట్లు అవి. కానీ అవి దాచిపెట్టినవి వాళ్ల చరిత్రతోనే ఆగిపోవు.

1832లో సాక్ తెగ నాయకుడు బ్లాక్ హాక్ తన పాత నేల కోసం అమెరికా సైన్యంతో పోరాడి ఓడిపోయాడు. ఆ ఓటమికి మూల్యంగా మిసిసిపీ నదికి పడమటి ఒడ్డున పెద్ద పట్టీ ఒకటి ప్రభుత్వం చేతికి వచ్చింది. 1833 జూన్ 1న ఆ నేలను వలసదారులకు తెరిచారు. 1846 డిసెంబరు కల్లా అయోవా రాష్ట్రమే అయిపోయింది. 1785 నాటి చట్టం ప్రకారం సర్వేయర్లు నేలను మైలు పొడవు, మైలు వెడల్పు చదరాలుగా, అంటే 640 ఎకరాల చొప్పున కొలిచి గీశారు. వాగూ వంకా చూడకుండా గీసిన గీతలవి. ఈనాటికీ అక్కడి రోడ్లు చాలావరకు వాటి వెంటే సాగుతాయి.

ఆ చదరాల నిండా ప్రెయిరీ అనే సహజ గడ్డిమైదానపు గడ్డి ఉండేది. మనిషెత్తు పెరిగేది. వేళ్లు ఆరేడు అడుగులకు పైగా లోతుకు దిగేవి. బంకమన్ను నాగలికి అతుక్కుపోయి నాలుగడుగులు సాగనిచ్చేది కాదు. 1837లో పొరుగునున్న ఇల్లినాయిలో జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు రెక్కతో నాగలి చేశాక ఆ అడ్డు తొలగింది. అయోవాలో ఒకప్పుడు సుమారు 3 కోట్ల ఎకరాలున్న ప్రెయిరీలో ఇవాళ వెయ్యో వంతు కూడా లేదు.

ఆ రోజుల్లో చావు కొత్త ఊళ్లకు తొందరగానే వచ్చేది. కలరా, డిఫ్తీరియా, కాన్పు కష్టాలు. దగ్గర్లో చర్చి ఉండదు, పాదిరీ ఏ నెలకో ఒకసారి వస్తాడు. ఇంట్లో బిడ్డ పోతే పొలంలోనే కాస్త మెరక చూసి, నీళ్లు నిలవని మూల గొయ్యి తవ్వేవారు. తర్వాత పక్క పొలం వాళ్లు అడిగితే కాదనేవారు కాదు. అలా ఒక కుటుంబం మూల నలుగురి శ్మశానం అయ్యేది. రైలు వేరే దారిన పోవడంతో కొన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్లు కూలాయి, దుకాణం పోయింది, చుట్టూ మొక్కజొన్న చేల మధ్య శ్మశానం ఒక్కటే నిలిచింది.

అలాంటి చోట ఒక రాయి దగ్గర ఆగి చూద్దాం. తెల్ల పాలరాయి, పైన పడుకున్న గొర్రెపిల్ల బొమ్మ ఉంటే అది పసిబిడ్డ సమాధి. వయసు ఏళ్లు, నెలలు, రోజుల లెక్కన చెక్కి ఉంటుంది. తల పడమరకు, కాళ్లు తూర్పుకు పెట్టడం ఆచారం. కడపటి రోజున లేచేవారు సూర్యోదయానికి ఎదురుగా లేస్తారని నమ్మకం. వానకు పాలరాయి కరిగి అక్షరాలు చెరిగిపోతాయి. దాని పక్కనే నీలిబూడిద రంగు సమాధి ఒకటి నిన్న చెక్కినట్టు కనబడొచ్చు. అది రాయి కాదు, జింకు పోత. 1870ల నుంచి 1914 దాకా కనెక్టికట్‌లోని ఒక కంపెనీ వీటిని తయారు చేసింది. రాళ్లను బాగుచేద్దామని బ్లీచింగ్, ఇనుప బ్రష్షు పట్టేవాళ్ల వల్ల వాటికి మరింత నష్టం జరిగింది.

ఇప్పుడు రాళ్ల మధ్య గడ్డి సంగతి. శ్మశానాన్ని ఎవరూ దున్నరు. అందువల్ల చనిపోయినవాళ్ల కోసం వదిలిన జానెడు నేలలో బతికున్న ప్రెయిరీ మిగిలింది. సీడార్ కౌంటీలోని రోచెస్టర్ శ్మశానం సుమారు 13 ఎకరాలు. పాత ఓక్ చెట్ల కింద, సమాధుల సందున, వందల జాతుల మొక్కలున్నాయి. మే నెలలో షూటింగ్ స్టార్ పూలు విరబూస్తాయి. ఇక్కడే తగవు మొదలైంది. మా తాత సమాధి చుట్టూ కలుపు పెరగనిస్తారా, కోయించండి అని కొందరు. అది కలుపు కాదు, మీ తాత వచ్చేనాటికి ఉన్న గడ్డి అని కొందరు. ఇద్దరి మాటలోనూ భక్తి ఉంది. ప్రకృతి పరిరక్షణ రచయిత ఆల్డో లియోపోల్డ్ 1949లో అచ్చయిన తన పుస్తకంలో విస్కాన్సిన్‌లోని ఇలాంటి శ్మశానం గురించే రాశాడు. దాని మూలన మిగిలిన కంపాస్ అనే ప్రెయిరీ మొక్క రోడ్డు పనివాళ్ల కోతకు బలైపోయింది.

గడ్డి ఇలా యాదృచ్ఛికంగా బతికింది. ముందు ఆ నేల మీద బతికిన మనుషుల మృతులకు ఆ అదృష్టం దక్కలేదు. బ్లాక్ హాక్ 1838లో అయోవాలోనే చనిపోయాడు. ఏడాది తిరక్కముందే అతని సమాధిని తవ్వి ఎముకలు ఎత్తుకుపోయారు. గవర్నరు వాటిని వెనక్కి రప్పించాడు గానీ అవి మళ్లీ మట్టికి చేరలేదు. బర్లింగ్‌టన్‌లో ఒక సంస్థ భవనంలో ఉండగా 1855 అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

1971లో గ్లెన్‌వుడ్ దగ్గర రోడ్డు వేస్తుంటే మరిచిపోయిన వలసదారుల శ్మశానం ఒకటి బయటపడింది. తెల్లవారివి 26 అస్థిపంజరాలు, ఒక ఆదివాసీ స్త్రీది, ఆమె బిడ్డది. ఆ 26 మందిని వెంటనే మరో శ్మశానంలో మర్యాదగా పూడ్చారు. తల్లీబిడ్డల ఎముకలను పరిశోధనకు పంపారు. యాంక్టన్ డకోటా తెగకు చెందిన మరియా పియర్సన్‌కు ఈ సంగతి రోడ్ల శాఖలో పనిచేసే భర్త ద్వారా తెలిసింది. తమ సంప్రదాయ దుస్తుల్లో నేరుగా గవర్నర్ రాబర్ట్ రే దగ్గరికి వెళ్లి, మా వాళ్ల ఎముకలు మాకివ్వండి, ఇక తవ్వకండి అని అడిగింది. ఆయన విన్నాడు. 1976లో అయోవా చట్టం చేసింది. 150 ఏళ్లు దాటిన సమాధులు ఎవరివైనా వాటికి రక్షణ వచ్చింది. 1990లో దేశమంతటికీ వర్తించే చట్టం రావడానికి ఆమె పోరాటం దారి వేసింది.

గమనించండి. గ్లెన్‌వుడ్‌లో ఆ 28 మందీ ఒకే మట్టిలో పడుకున్నారు. వేరు చేసింది తవ్వి తీసినవాళ్లు. అందుకని వారసత్వ జాబితా రాసేటప్పుడు రాయి ఉన్న సమాధులు లెక్కించి ఊరుకుంటే సగం పనే. 1930ల చివర అయోవాలో ప్రభుత్వ ఉపాధి పథకం కింద ఊరూరా తిరిగి సమాధుల పేర్లు నమోదు చేశారు. గొప్ప పనే. కానీ పేరు చెక్కిన రాయి లేనివాళ్లు అలాంటి జాబితాకు ఎక్కరు.

ఇలా వేరు చేయడం మన దగ్గరా ఉంది; చాలా ఊళ్లలో కులానికో శ్మశానం ఉంది. కొందరికి దారి కూడా లేక శవాన్ని పొలం గట్ల మీద మోసుకుపోతారు. కాబట్టి ఈ సభలో ఉన్న చరిత్ర విద్యార్థులకు నేనొక పని అప్పగిస్తున్నాను. మీ ఊరి శ్మశానాలన్నిటి జాబితా రాయండి. రాళ్లున్నవీ లేనివీ, ప్రతిదాని సర్వే నంబరు, దారి, హద్దులు, అక్కడి చెట్టూ చేమా. రెవెన్యూ రికార్డులో లేనివాటి పేర్లు మొదట రాయండి. ఎందుకంటే ఆక్రమణకు మొదట గురయ్యేవి అవే.