కంటిచూపు చదువుకు కావలసిన అర్హతలు



పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మన ఇళ్ళలో తరచు వినబడే మాట ఒకటుంది. "మా అమ్మాయి కళ్ళ డాక్టరు అవుతానంటోంది. అంత చదువు మనవల్ల అవుతుందా?" అని. హోసూరులో అయినా, బళ్ళారిలో అయినా, రాయగడలో అయినా ఈ దిగులు ఒకటే. కంటికి సంబంధించిన చదువు అంటే ఎం.బి.బి.ఎస్. ఒక్కటే కాదని, ఆప్టోమెట్రీ అనే డిగ్రీ ఒకటుందని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ ఆలస్యమే నష్టం తెస్తుంది.

ఆప్టోమెట్రిస్టు ఆపరేషన్లు చేయరు. శుక్లాలు తీసేది నేత్రవైద్యులే. చూపు కొలవడం, అద్దాల పవరు నిర్ణయించడం, కాంటాక్టు లెన్సులు అమర్చడం, పసిపిల్లల్లో మెల్లకన్నును తొందరగా పసిగట్టడం, జబ్బు కనబడితే డాక్టరు దగ్గరకు పంపడం ఆప్టోమెట్రిస్టు పని. ఫ్రేములు అమ్మే దుకాణదారు వేరు, ఈ చదువు చదివినవారు వేరు. అమెరికాలో ఉన్న బంధువులు "ఇక్కడ వాళ్ళను కూడా డాక్టరనే అంటారు" అని చెబుతారు. నిజమే కాని అక్కడ దారి వేరు. సాధారణంగా కాలేజీ చదువయ్యాక మరో నాలుగేళ్ళు చదవాలి. మన దేశంలో ఇంటర్ తర్వాతే చేరవచ్చు.

మన దక్షిణాదిలో దీనికి మంచి సంస్థలు ఉన్నాయి. శంకర నేత్రాలయ వారు మద్రాసులో ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీని 1985లో ప్రారంభించారు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారి విద్యాసంస్థ ఉంది. ఇలాంటిచోట్ల సొంత ప్రవేశ పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటాయి. తమిళనాడులో ప్రభుత్వం నింపే సీట్లకు ప్లస్ టూ మార్కులే ఆధారంగా ఉంటూ వచ్చాయి. మూడేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం నాలుగేళ్ళన్నది చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. 2021లో ఆరోగ్య వృత్తులకు కేంద్ర చట్టం వచ్చాక నియమాలు సర్దుకుంటున్నాయి. కనుక నిరుటి ప్రాస్పెక్టసును నమ్ముకోకండి. చేరబోయే ఏటిదే తెప్పించుకుని చూడండి.

ఇక అసలు సంగతి. ఈ కోర్సు తలుపు పన్నెండో తరగతి తర్వాత తెరుచుకుంటుందని అనుకుంటాం. కాని అది తెరుచుకునేదీ మూసుకునేదీ పదకొండో తరగతిలో గ్రూపు ఎంచుకునే రోజునే. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తప్పనిసరి. మూడో సబ్జెక్టుగా జీవశాస్త్రం గాని గణితం గాని ఉంటే చాలనే కళాశాలలు ఉన్నాయి. జీవశాస్త్రమే కావాలనేవీ ఉన్నాయి. కర్ణాటకలో పి.యు.సి.లో పి.సి.ఎం.బి., తమిళనాడులో గణితమూ జీవశాస్త్రమూ కలిసిన గ్రూపు తీసుకున్నవారికి రెండు దారులూ ఉంటాయి. కంప్యూటర్ మోజులో జీవశాస్త్రం వదిలేసినవారికి ఒకటే మిగులుతుంది. కామర్సు తీసుకుంటే ఏదీ ఉండదు. ఇంకొక మాట. కన్ను అనగానే జీవశాస్త్రమేనని పిల్లలు అనుకుంటారు. ఈ చదువులో సగం కాంతి, కటకాలు, కోణాలే. భౌతికశాస్త్రమంటే గిట్టని పిల్లను బలవంతాన ఇందులో చేర్పించకండి.

వయసు సంగతి: చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్ళు నిండాలని చాలాచోట్ల అడుగుతారు.

సరిహద్దు జిల్లాల వాళ్ళం కనుక మనకు అదనంగా మరికొన్ని చిక్కులున్నాయి. మాతృభాష తెలుగైనంత మాత్రాన ఆంధ్రలో గాని తెలంగాణలో గాని మన పిల్లలు స్థానికులు కారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల కాలం నుంచి అక్కడ చూసేది ఎక్కడ చదివారు, ఎక్కడ నివసించారు అన్నదే. కులాల జాబితాలు కూడా రాష్ట్రానికొకటి. ఇక్కడ వెనుకబడిన తరగతిగా ఇచ్చిన పత్రం చేతిలో పట్టుకుని సరిహద్దు దాటితే, ఆ రాష్ట్రపు రిజర్వేషను సాధారణంగా వర్తించదు. సొంత రాష్ట్రంలో ఉన్న హక్కును వదులుకుని, పక్క రాష్ట్రంలో జనరల్ సీటుకు పోటీపడుతున్నామన్న లెక్క ముందే వేసుకోవాలి. యానాం వారికి పుదుచ్చేరి ప్రభుత్వపు సెంటాక్ ఉందని మరవకూడదు. సొంత రాష్ట్రంలోనే తెలుగు అల్పసంఖ్యాక హోదా ఉన్న కళాశాల ఉంటే, తెలుగు మాతృభాష అన్న పత్రం అక్కడ పనికిరావచ్చు.

పేరు గొడవ మరొకటి. మనం ఇంటిపేరును ఇనీషియల్‌గా పెడతాం. తమిళనాడు బడిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం పెడతారు. మహారాష్ట్రలో తండ్రి పేరు మధ్యలో వస్తుంది. అందుకే ఒకే పిల్ల పదో తరగతి మార్కుల పత్రంలో ఒకరు, కుల ధ్రువపత్రంలో మరొకరు. సీటు వచ్చాక కౌంటరు ముందు నిలబడి "రెండూ నేనేనండీ" అంటే గుమాస్తా ఏం చేస్తాడు? పదో తరగతి పత్రంలోని పేరే మిగతా వాటిలోనూ ఉండేలా ఇప్పుడే తాలూకా కచేరీలో సరిచేయించుకోండి. వేరే రాష్ట్రంలో చేరేవారు బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి. అది అడిగిన రోజునే చేతికి రాదు.

ఆరు నెలల్లో ఆప్టోమెట్రిస్టును చేస్తామనే బోర్డులు బస్టాండుల దగ్గర కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. 2021 చట్టం డిగ్రీ స్థాయి ఆరోగ్య వృత్తులకు కనీసం 3,600 గంటల చదువు, మూడేళ్ళకు తగ్గని కాలం నిర్దేశించింది. ఆరు నెలల్లో అన్ని గంటలు ఎక్కడ ఇముడుతాయి? ఫీజు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో? రోజుకు ఎందరు రోగులను చూడనిస్తారు?

పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు మాధ్యమంలో గాని కన్నడ మాధ్యమంలో గాని చదివిన పిల్లలకు మొదటి ఏడాది కొంత బరువే. కాని పరీక్షగదిలో కూర్చున్న ముసలమ్మను "ఈ అద్దం బాగుందా అవ్వా, ఇందాకటిదా?" అని ఆమె భాషలోనే అడగగలిగితేనే పవరు సరిగ్గా తేలుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడుతూ పెరిగిన మీ పిల్లలకు ఆ పని కొత్తగా నేర్పక్కర్లేదు. ఇంటర్వ్యూలో ఏ ఏ భాషలు వచ్చని అడిగితే మొహమాటపడకుండా అన్నీ చెప్పమనండి.