తెరచి ఉన్న కోడ్‌లో వెతుకులాట
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. ప్రతి ఏడూ చెప్పే మాటలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి గనుక ఈసారి ఒక్క పని గురించే మనవి చేస్తాను. ఎవరెవరో రాసి లోకం ముందు తెరచిపెట్టిన కంప్యూటర్ కోడ్‌లో మనకు కావలసింది వెతికి పట్టుకోవడం, అదీ ఆ పని.

కోడ్ అంటే ఏమిటో ఏలూరు వాళ్ళకు చెప్పడం సులువు. తివాచీ నేసేవారి ఎదుట నమూనా కాగితం ఉంటుంది. ఏ గడిలో ఏ రంగు ముడి పడాలో అందులో ఉంటుంది. తివాచీ కొన్నవాడికి తివాచీ దక్కుతుంది గాని కాగితం దక్కదు. సాఫ్ట్‌వేరు అమ్మే కంపెనీల్లో చాలా వాటిది ఇదే పద్ధతి. ఓపెన్ సోర్స్ వాళ్ళు మాత్రం తివాచీతోపాటు కాగితం కూడా చేతిలో పెడతారు. చూసుకో, దిద్దుకో, నీకు కావలసినట్టు మార్చి నేసుకో అంటారు. ఒక్కొక్క పని తాలూకు కాగితాల కట్టకు రిపాజిటరీ అని పేరు.

అయితే కట్టలు ఎన్ని? 2008లో మొదలైన గిట్‌హబ్ అనే ఒక్కచోటే చూడండి. తమ కొత్త వెతుకుడు యంత్రం సుమారు నాలుగున్నర కోట్ల రిపాజిటరీలను, 1,550 కోట్ల ఫైళ్ళను పట్టికకు ఎక్కించిందని 2023లో వాళ్ళే ప్రకటించారు. ఇంత గోదాములో తలుపులు తెరచి ఉంటే మాత్రం సామాన్యుడికి ఒరిగేదేముంది? ఏ మూల ఏముందో చెప్పే ఫిహ్రిస్త్ కావాలి గదా!

ఫిహ్రిస్త్ అన్నాను గనుక ఒక మాట. బాగ్దాదులో ఇబ్న్ అన్-నదీమ్ అనే పుస్తకాల వ్యాపారి ఉండేవాడు. హిజ్రీ 377లో, అంటే క్రీ.శ. 987 ప్రాంతంలో, తనకు తెలిసిన అరబ్బీ గ్రంథాలన్నిటికీ ఒక పట్టిక రాశాడు. దాని పేరే అల్-ఫిహ్రిస్త్. అందులోని పుస్తకాల్లో చాలా వాటికి ఇవాళ ఆ పేరు తప్ప వేరే ఆనవాలు లేదు. కోడ్‌కూ అదే గండం ఉంది. గూగుల్ వారు కోడ్ దాచుకునే తమ చోటును 2016లో మూసేశారు. అలా పోయేవాటిని కాపాడాలని ఫ్రాన్సులోని ఇన్రియా సంస్థ అదే ఏడు సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే భాండాగారం ప్రారంభించింది. తర్వాత యునెస్కో కూడా చేయి కలిపింది.

ఇక ఇలాంటి వెతుకుడు యంత్రం చేసే పని ఏమిటి? అన్ని ఫైళ్ళూ మొదటినుంచీ చదువుతూ పోతే తెల్లారిపోతుంది. అందుకని ముందే ప్రతి ఫైలునూ మూడేసి అక్షరాల ముక్కలుగా చూసి, ఏ ముక్క ఏ ఫైళ్ళలో ఉందో రాసిపెట్టుకుంటుంది. ‘కలువపూలు’ అన్న మాట కావాలనుకోండి. కలువ, లువపూ, వపూలు అని మూడు ముక్కలు. ఈ మూడూ ఉన్న ఫైళ్ళు ఏవో పట్టికలో చూస్తుంది. ముక్కలు మూడూ ఉన్నంత మాత్రాన మాట ఉందని హామీ లేదు, అవి వేరువేరు చోట్ల ఉండవచ్చు. కాబట్టి మిగిలిన ఆ కొద్ది ఫైళ్ళను మాత్రం తెరచి స్వయంగా చదువుతుంది. లుగత్ తిరగేసే మన పిల్లలకు ఇందులో కొత్తేమీ లేదు.

గూగుల్ వారు 2006లో ఈ తరహా సేవ పెట్టి 2012లో ఎత్తేశారు. పోతూ పోతూ ఒక మంచి పని జరిగింది. దాన్ని తయారుచేసిన రస్ కాక్స్ అనే ఆయన ఆ కిటుకంతా 2012లో రాసి, కోడ్ కూడా బయట పెట్టాడు. దాన్ని ఆధారం చేసుకుని అదే ఏడు మైకేల్ స్టాపెల్‌బెర్గ్ అనే యువకుడు డెబియన్ వారి కోడ్ మొత్తాన్నీ వెతికే సాధనం కట్టాడు. కంపెనీ అంగడి కట్టేసినా విద్య ఊళ్ళోనే మిగిలింది.

ఇందులో మనకేమిటని మీరు అడగవచ్చు. మన సావనీర్లనే తీసుకోండి. తెలుగు పేజీలు డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించాం. ఉర్దూ పేజీలు ఇన్‌పేజ్‌లో కొట్టించాం. చందాదారుల జాబితాలు, స్కాలర్‌షిప్పు పొందిన పిల్లల పేర్లు, ఖబరస్తాన్ ప్రహరీకి చేసిన ఖర్చుల లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ తెలుగు ఫైలును ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల పిచ్చి గీతలు కనబడతాయి. ఇన్‌పేజ్ ఫైలును మరో ప్రోగ్రాము తెరవనే తెరవదు. అచ్చు కాపీలకు చెదలు పడితే ఆ లెక్కలు ఇక లేనట్టే.

దీనికి మందు ఒక మార్పిడి పట్టిక. పాత ఫాంటులోని ఏ గుర్తుకు యూనికోడ్‌లో ఏ అక్షరమో చెప్పే పట్టిక అన్నమాట. అటువంటివి తెలుగుకూ ఉర్దూకూ కొందరు ఇదివరకే రాసి తెరచిపెట్టారు. వెన్నా నాగార్జున గారు తయారుచేసిన ‘పద్మ’ పేరు తెలుగు కంప్యూటర్ పాతకాపులకు తెలుసు. ఒక్కో పత్రిక ఒక్కో సొంత ఫాంటు వాడిన రోజుల్లో వాటిని యూనికోడ్‌లో చదివించింది అదే. ఫైర్‌ఫాక్స్ వారు 2017లో పాత తరహా పొడిగింపులను ఆపేశారు. అయినా పట్టిక తెరచి ఉన్నదైతే మరొకరి చేతికి అందుతుంది.

ఇంకొకటి విని ఉర్దూ వాళ్ళు సంతోషిస్తారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు వత్తులు కిందికి చేరడానికీ, నస్తాలిఖ్ అక్షరాలు చేయీ చేయీ కలపడానికీ పనిచేసే కోడ్ ఒకటే. దాని పేరు హర్ఫ్‌బాజ్. మనకు బాజ్ అనగానే పతంగ్‌బాజ్ గుర్తొస్తాడు గాని ఇక్కడ ఫారసీ అర్థం, తెరచిన అక్షరం అని. అందులో తెలుగు వంటి భారతీయ లిపులకొక ఫైలు, ఉర్దూ రాసే అరబ్బీ లిపికొక ఫైలు వెతికి చూడవచ్చు. ఉర్దూ మీడియం పిల్లలకు కంప్యూటర్ అబ్బదని పెదవి విరిచేవారికి నేనిచ్చే జవాబు ఇదే. రెండు లిపులూ తెలిసిన పిల్ల ఆ రెండు ఫైళ్ళలోని తప్పును పట్టగలదు. ఒక్క లిపే తెలిసినవాడు సగమే పట్టగలడు.

పిల్లలు రాసుకోండి. గిట్‌హబ్‌లో ఖాతా ఉండాలి, దానికి రుసుము లేదు. కావలసిన మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఉన్నదున్నట్టు వెతుకుతుంది. ప్రోగ్రాము ఏదైనా తప్పు చూపితే ఆ వాక్యాన్నే అలా పెట్టండి. యూనికోడ్‌లో ఉర్దూ ‘టే’ అక్షరం సంఖ్య 0679. ఆ సంఖ్యతోపాటు ఉర్దూ అన్న మాటను ఇంగ్లీషులో కలిపి వెతికితే ఆ అక్షరాన్ని పట్టించుకున్న కోడ్ బయటపడుతుంది.

దొరికిందల్లా మనదనుకోరాదు. అది అమానత్. ప్రతి కట్టతోనూ లైసెన్సు కాగితం ఉందో లేదో చూడాలి. కొందరు పేరు నిలిపితే చాలంటారు. కొందరు మార్చి పంచితే నీ కాగితమూ పంచాలంటారు. లైసెన్సే లేకపోతే అనుమతి లేదని అర్థం. అలాగే మీ కోడ్ బయట పెట్టేటప్పుడు అందులో పాస్‌వర్డ్ ఉంచకండి. మీరు వెతికినట్టే దొంగ కూడా వెతుకుతాడు. తర్వాత చెరిపేసినా పాత ప్రతి ఆ కట్టలోనే ఉండిపోతుంది. అప్పుడు పాస్‌వర్డ్ మార్చుకోవడమే దారి.

పాత సావనీర్ల సీడీలు, ఫైళ్ళు ఏలూరులో గాని తాడేపల్లిగూడెంలో గాని కొల్లేటి ఊళ్ళలో గాని ఎవరి ఇంట ఉన్నా కార్యదర్శి గారికి చేర్చండి. మార్చాక వత్తులు, నుక్తాలు తప్పకుండా అటూ ఇటూ అవుతాయి. అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని సరిచూడడానికి తెలుగు బాగా వచ్చినవారు ఇద్దరు, ఉర్దూ బాగా వచ్చినవారు ఇద్దరు కావాలి. పేర్లు ఈ సభ ముగిశాక నాకు ఇవ్వండి. మొదట ఖబరస్తాన్ లెక్కలున్న సంచికతో ప్రారంభిద్దాం.