నలక పడిన కన్ను, కణాలను చూపే యంత్రం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంటిని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. కన్ను అనగానే శుక్లాల ఆపరేషను గురించి అనుకొంటారు. ఆ సంగతి ఇప్పుడు ఇంటింటికీ తెలిసిందే. మేము చెప్పదలచుకొన్నది నల్లగుడ్డు మీద అద్దంలాగ వుండే పొర గురించి. డాక్టర్లు దానిని కార్నియా అంటారు. అరబ్బీలో ఖర్నియా. ఖర్న్ అంటే కొమ్ము. లాటిన్ పేరులోనూ వున్నది కొమ్మే. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైథమ్ వెయ్యేళ్ల కిందటే కితాబుల్ మనాజిర్‌లో కంటి పొరలను వర్ణించి, వస్తువు నుండి వెలుతురు కంటిలోకి రావడం వల్లనే చూపు కలుగుతుందని వివరించాడు. ఆ వెలుతురు ముందుగా దాటవలసిన గడప ఈ కార్నియాయే.

దీని మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. రక్తనాళాలు వుండవు, అందుకే అంత స్వచ్ఛం. అయితే పుండు పడి మానితే మచ్చ మిగులుతుంది. మన పెద్దవాళ్లు 'కంట్లో పువ్వు వేసింది' అనేది దానినే. పువ్వు నల్లగుడ్డు నడిమధ్యన వేసిందంటే చూపు పోయినట్లే.

మన పరవాడ సంగతి చూడండి. ఒక పక్క వరి, చెరకు. ఇంకో పక్క సింహాద్రి విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీ, ఆ పైన ఉక్కు కర్మాగారం. చెరకు ఆకు కంటికి కోసుకొన్నా, వడ్లు తూర్పారబట్టేటప్పుడు ఊక పడ్డా, గ్రైండింగు దగ్గర రవ్వ ఎగిరినా దెబ్బ తగిలేది కార్నియాకే. ముఖ్యంగా ఆకూ ఊకా వల్ల తగిలిన గాయంలో బూజు జాతి సూక్ష్మజీవులు చేరుతాయి. 1991 నుండి 2000 వరకు పదేళ్లలో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఒక్కచోటనే ఇటువంటి బూజు పుండ్లు 1,352 మందిలో తేలాయి.

మరి మనం చేసేదేమిటి? నలక తీసే ముసలమ్మ దగ్గరికి వెళతాం, ఆమె నాలుకతో తీస్తుంది. లేదా ఆకు పసరు, చనుబాలు. కొందరు సుర్మా పెట్టుకొంటారు. అన్నిటికన్నా ప్రమాదం మెడికల్ షాపులో అడిగి కొనుక్కొనే చుక్కలు. వాటిలో స్టెరాయిడు వుంటే ఎర్రదనం రెండు రోజుల్లో తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మనం సంతోషిస్తాం. లోపల బూజు మాత్రం అడ్డు లేకుండా పెరుగుతుంది.

అందుచేత మొదటి ప్రశ్న ఏమిటంటే, ఈ పుండులో వున్నది బాక్టీరియానా, బూజా? పైకి రెండూ ఒకేలాగ కనిపించవచ్చు. మందులు మాత్రం వేరు వేరు. పుండు మీద నుండి కొంచెం గీకి లేబరేటరీలో పెంచితే తెలుస్తుంది గాని, బూజు పెరగడానికి రోజులు పడుతుంది, ఒక్కొక్కసారి వారం దాటుతుంది. ఈలోగా కన్ను ఆగదు గదా!

ఇక్కడ పనికివచ్చేదే కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు. మామూలు సూక్ష్మదర్శినిలో పై పొరల వెలుతురు, కింది పొరల వెలుతురు కలగాపులగమై మసకగా వుంటుంది. ఇందులో వెలుతురును ఒకే చుక్క మీద నిలిపి, ఆ చుక్క నుండి తిరిగి వచ్చినదానిని మాత్రమే సన్నని రంధ్రం గుండా రానిస్తారు. మిగతాదంతా ఆ రంధ్రం దగ్గరే ఆగిపోతుంది. కాగితాల కట్ట విప్పకుండా నడిమి కాగితం చదివినట్లన్న మాట. ఈ సూత్రం మీద 1955లో అమెరికాలో మార్విన్ మిన్‌స్కీ అనే ఆయన మెదడు కణాలను చూడాలని యంత్రం కట్టాడు. బతికివున్న మనిషి కంటికి అది అక్కరకు రావడానికి మరో ముప్పై ఏళ్లు పైగా పట్టింది.

కోత లేదు, సూది లేదు. మత్తు చుక్క వేసి, గడ్డం ఆనించి కూర్చోబెడతారు. జెల్లు రాసిన చిన్న మూత కంటికి తగిలీ తగలనట్లు ఆనుతుంది. కొద్ది నిమిషాల పని. ఒక్కొక్క బొమ్మలో కనిపించేది అర మిల్లీమీటరు కన్నా తక్కువ మేర, అయినా కణం కణం విడిగా కనబడుతుంది. బూజు వుంటే నల్లని నేపథ్యం మీద కొమ్మలు వేసిన తెల్లని దారాల్లా మెరుస్తుంది. నీటి ద్వారా వచ్చే అకాంతమీబా అయితే గుండ్రని మెరిసే గింజలు. 2011లో ఎల్.వి. ప్రసాద్ వైద్యులే ప్రచురించిన పరిశీలనలో, ఈ రెండు రకాల వ్యాధి వున్నవారిలో నూటికి సుమారు 88 మందిని ఈ పరీక్ష పట్టుకొన్నది.

అలాగని యంత్రమే సర్వస్వమని మేము అనము. బాక్టీరియా మరీ చిన్నవి, ఇందులో ఆనవు. బొమ్మను చదవడానికి అనుభవం కావాలి. యంత్రం ఖరీదైనది, అన్ని ఆసుపత్రుల్లో వుండదు. గీకిన ముక్కను గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడు చుక్క వేసి చూసే పాత పద్ధతి వున్నది. చవక, కొద్ది నిమిషాల్లోనే బూజును చూపుతుంది. యంత్రం లేదని నిరాశ పడనక్కరలేదు. పుండు లోతుగా వుండి గీకినా ఏమీ దొరకనప్పుడు, మందు పనిచేస్తున్నదో లేదో మళ్లీ మళ్లీ చూడవలసినప్పుడు యంత్రం విలువ తెలుస్తుంది.

ఇంకొక మాట, ఇది ముఖ్యంగా మనవాళ్ల కోసం. బూజు పుండుకు నాటమైసిన్ వంటి చుక్కలు మొదట్లో గంట గంటకూ వేయాలి, వారాల తరబడి సాగుతుంది. మధ్యలో రంజాన్ వస్తే రోజా పోతుందేమోనని కొందరు పగలు చుక్కలు మానేస్తారు. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ కంటి చుక్కల వల్ల రోజా భంగం కాదని తీర్మానించింది. ఇంకా సందేహముంటే ఇమాంసాబుగారిని అడగండి. అడిగేదాకా చుక్కలు మాత్రం ఆపకండి.

నలక పడితే నలపకుండా మంచినీటితో కడగండి. మందునీళ్లో, సున్నమో పడితే ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా కడుగుతూనే వుండండి. మరునాటికి నొప్పి, ఎర్రదనం, వెలుతురు చూడలేకపోవడం వుంటే గాజువాక మీదుగా పట్నం వెళ్లండి. పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ వారి ఆసుపత్రి వున్నాయి. వెళ్లేటప్పుడు అంతవరకు వాడిన చుక్కల సీసా, ఖాళీదైనా సరే, జేబులో వేసుకొని వెళ్లండి. డాక్టరుగారు ముందుగా అడిగేది దానినే.