స్ట్రా ఉంటే చాలదు, అందులో ప్రాణం ఉండాలి
(పాల సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము పశువైద్యులం కాము. సహకార డిప్లొమా చదివి, ఏళ్ల తరబడి సంఘాల లెక్కలు చూస్తున్నవారం. ఘనీభవించిన వీర్యంతో మాకేం పని అని మీకు తోచవచ్చు. ఒక సంఘంలో మాకు ఎదురైన సంగతి చెబుతాము.

ఆ సంఘం నగదు పుస్తకంలో ఒక్క దిద్దుబాటు లేదు. స్టాకు రిజిస్టరులో నలభై స్ట్రాలు, కంటెయినరులోనూ నలభై. నత్రజని నిండుగా ఉంది. "సరిపోయినది" అని సంతకం చేశాము. గడప దాటగానే ఒక రైతు ఎదురై, "అయ్యా, మా గేదెకు మూడుసార్లు సూది వేయించాను. చూడి కట్టలేదు. సంతకు తోలమంటారా?" అని అడిగారు.

వెనక్కి వెళ్లి నత్రజని కొలతల రిజిస్టరు తెప్పించాము. మూడు నెలల కిందట పదకొండు రోజులు ఖాళీ. కార్యదర్శి దాచలేదు. "బండి రాలేదండీ, పూర్తిగా ఎండిపోయింది. తర్వాత నింపించాము. స్ట్రాలు చెక్కుచెదరలేదు కదా అనుకున్నాము" అన్నారు. ఆ రిజిస్టరు చూడకుండా సంతకం చేసిన తప్పు మాది.

మిత్రులారా, మన దేశంలో 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ గారు కృత్రిమ గర్భోత్పత్తి మొదలుపెట్టారు. గ్లిజరిన్ కలిపితే వీర్యకణం గడ్డకట్టినా బతుకుతుందని 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ కనుగొన్నారు. పిల్లి మొదలు గేదె వరకు జాతిని బట్టి పద్ధతి మారినా, మూల సూత్రం అదే. సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో కణం నిద్రపోతుంది, ముసలిదవదు. నత్రజని ఎండి స్ట్రా వేడెక్కితే మంచు పలుకులు పెరిగి కణం పొరను చీల్చివేస్తాయి. మళ్లీ నత్రజని పోస్తే చచ్చిన కణమే తిరిగి గడ్డకడుతుంది. పైకి స్ట్రా మాత్రం ఎప్పటిలాగే కనిపిస్తుంది.

మరి నాణ్యత తెలిసేదెట్లా? 0.25 మిల్లీలీటరు స్ట్రాలో సుమారు 2 కోట్ల కణాలుంటాయి. స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు కరిగించి, వెచ్చని గాజుపలకపై చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. నూటికి కనీసం 50 కణాలు ముందుకు ఈదాలి. ఉన్నచోటనే వణికేవి, గుండ్రంగా తిరిగేవి లెక్కలోకి రావు. ఈదినంత మాత్రాన సరిపోదు. తలపై కప్పు చెడిన కణం అండంలోకి చొరలేదు. అందుకే ప్రయోగశాలలో పొరనూ పరీక్షిస్తారు.

మేము పంపిన నమూనాలో ఒక్క కణమూ ముందుకు ఈదలేదు. నలభై స్ట్రాలూ కొట్టివేయించాము. రైతుల రుసుము తిరిగి ఇచ్చేందుకు పాలకవర్గం తీర్మానించింది. కాని పోయిన రోజులు ఎవరు తిరిగి ఇస్తారు? ఒక ఎద తప్పితే 21 రోజుల మేత దండుగ. మూడు ఎదలు తప్పాయి. తప్పు మనదైతే నింద గేదె మీద పడింది. నిజం తెలిశాక ఆ రైతు గేదెను సంతకు తోలలేదు. అంతవరకు మాకు ఊరట.

కనుక మా మనవి ఇది. కొలపుల్ల దించి, పైకి తీసి గాలిలో ఆడిస్తే మంచు గీత పడుతుంది. ఆ ఎత్తే మట్టం. బోలు గొట్టం దించకండి, నత్రజని పైకి చిమ్ముతుంది. కొలతను తేదీ వేసి రాయండి. స్ట్రా తీసేటప్పుడు డబ్బాను కంటెయినరు మెడ దాటి పైకి ఎత్తకండి. కరిగించే నీటిని చేత్తో కాక థర్మామీటరుతో చూడండి. కరిగిన స్ట్రాను పొడిగా తుడవండి, నీటి చుక్క తగిలితే కణాలు చస్తాయి. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం వేయించండి. గేదె మూగఎద చూపే పశువు, రైతుకు ఆ సంగతి చెప్పండి.

ఒకవేళ కంటెయినరు ఎండిపోతే, ఎండిపోయిందనే రాయండి. స్ట్రాలు పోయిన నష్టం సంఘం భరించగలదు. దాచిన నష్టాన్ని మాత్రం రైతు ఒక్కడే మోస్తాడు. నగదు నిల్వను రోజూ ఎలా సరిచూస్తామో నత్రజని మట్టాన్నీ అలాగే చూద్దాము. ఇకపై తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట అడిగేది ఆ రిజిస్టరే.

సెలవు.