రిజిస్టరులో 4, థర్మామీటరులో 9

 

ఉద్యోగంలో చేరిన తొలి నెలలో ఒక రొయ్యల ప్లాంటులో నాకు రాత్రి డ్యూటీ పడింది. పేరు అనవసరం. చిల్ రూము పక్కన మేకుకు ఉష్ణోగ్రతల రిజిస్టరు వేలాడేది. గంటకోసారి చూసి రాయాలి. రాత్రి ఒంటిగంటకు తెరిచి చూద్దును కదా, తెల్లారి ఆరింటి దాకా గళ్లన్నీ నిండిపోయి ఉన్నాయి. ఒకే సిరా, ఒకే చేతిరాత, అన్నిట్లో 4. లోపల థర్మామీటరు 9 చూపిస్తోంది. అడిగితే సూపర్‌వైజరు, "ఆడిటరు చూసేది పుస్తకమే కదమ్మా" అన్నాడు. కొత్తదాన్ని, నోరు మూసుకున్నాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆహార భద్రతకు వాడే హాసప్ (HACCP) సూత్రాలు ఏడూ ఇవాళ పట్టాలందుకున్న మీకు కంఠతా వచ్చు. 1960లలో వ్యోమగాముల తిండి కోసం మొదలైన పద్ధతి అది. అంతరిక్షంలో విరేచనాలు పట్టుకుంటే ఏం గతి? అందుకే సరుకు తయారయ్యాక పరీక్షించి ఊరుకోకుండా, ప్రమాదం పుట్టే చోటే కాపు కాశారు. 1997లో యూరప్ మన సముద్రోత్పత్తులను ఆపేసినప్పుడు మన ప్లాంట్లకు ఆ పాఠం తలకెక్కింది.

గోదావరి జిల్లాల్లో ప్రమాదం పుట్టే ఆ చోటు చాలాసార్లు రొయ్యల చెరువు గట్టే. రొయ్యలకు జబ్బు చేస్తే, తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతుంది. అప్పు చేసిన రైతుకు నిద్ర పట్టదు. "ఏదో ఒక మందు చెప్పండి సార్" అంటాడు. నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్ మందులు వాడితే వాటి అవశేషాలు కండను పట్టుకుని ఉండిపోతాయి. గడ్డ కట్టించినా, ఉడికించినా వదలవు. ఇక ప్లాంటులో ఎన్ని క్లోరిన్ నీళ్లు పోసి ఏం లాభం?

రొయ్యలు ఒలిచే పీలింగు షెడ్డు సంగతి వేరు. వేలు తెగిన ఆడమనిషి చెప్పకుండా గ్లౌజులో దాచేస్తుంది. పరిశుభ్రత తెలియక కాదు, చెబితే ఆ పూట కూలి పోతుందని. గోడ మీద ఎన్ని పోస్టర్లు అంటించినా ఆ భయం పోదు. ఆమెను సరుకు ముట్టని పనికి మార్చి, కూలి తగ్గకుండా చూడండి. శిక్షణ అక్కడ మొదలుపెట్టండి.

ప్లాంటులో మొదటి రోజు రిజిస్టరు కంటే ముందు థర్మామీటరు అడగండి. ఐసు ముక్కలు నలగ్గొట్టి, కాస్త నీళ్లు పోసి, అందులో ముంచి సున్నా చూపిస్తోందో లేదో చూసుకోండి. ఆ రాత్రి నాకు అది కూడా తట్టలేదు.